శాలువాలు చాలు, ప్రశ్నలు ఇద్దాం

ఈసారి రాత కొంచెం పొడుగు. ఓపిక ఉన్నప్పుడు చదవండి, చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చదవకుండా చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టకండి.

కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసిన వీడియో మళ్లీ గుంపుల్లో తిరుగుతోంది. 2024 జూన్ నాటిది. ఒక చేతిలో రాజ్యాంగం పుస్తకం, నోట తెలుగు ప్రమాణం, చివర తమిళంలో నన్రి, వణక్కం, ఆపైన జై తమిళనాడు. మొత్తం కలిపి నిమిషం పాటిది. ఆ నిమిషం చూసి మనవాళ్లలో కళ్లు తడిసినవాళ్లున్నారు, అది అబద్ధం కాదు. అయితే ఆ వీడియో కింద పడుతున్న మాటలు చూస్తే మనకు ఒళ్లు మండుతోంది. అవి మూడు దిక్కుల నుంచి వస్తున్నాయి. మూడింటికీ జవాబు చెప్పాల్సిందే.

మొదటి దిక్కు: "తమిళనాడు ఓట్లతో గెలిచి తెలుగులో ప్రమాణమా?"

అయ్యా, తమిళనాడు ఓట్లంటే ఎవరి ఓట్లు? వేపనపల్లిలో, హోసూరులో, తళిలో, బర్గూరులో వేసిన ఓట్లు. ఆ ఊళ్లలో సంతకు వెళ్లి చెవి పెట్టండి. తమిళం వినిపిస్తుంది, తెలుగు వినిపిస్తుంది, కన్నడం వినిపిస్తుంది, ఉర్దూ వినిపిస్తుంది. మనం బస్సెక్కి వచ్చి ఇక్కడ దిగినవాళ్లం కాదు. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు గీత అవతల కుప్పం పడింది, ఇవతల వేపనపల్లి పడింది. గీత గీసినవాళ్లు మన ఇళ్లకు వచ్చి అడగలేదు. పొలం ఇక్కడ, ఆడబిడ్డను ఇచ్చిన ఇల్లు అక్కడ. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లే 42 లక్షల మందికి పైగా ఉన్నారు. వీళ్ల ఓటు తమిళనాడు ఓటు కాదా?

ఇంకో మాట. పార్లమెంటులో మంత్రులు హిందీలో జవాబు చెబితే తమిళనాడు ఎంపీలు లేచి అడుగుతారు, మా జనానికి అర్థమయ్యే భాషలో చెప్పండి అని. సరిగ్గా అడుగుతారు. మనం ఆ పక్షమే. ఢిల్లీలో చెల్లే ఆ న్యాయం హోసూరులోనూ చెల్లాలి కదా. ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోనైనా సభ్యుడు ప్రమాణం చేయవచ్చు. పక్కన కేరళ చూడండి. 2021లో మంజేశ్వరం ఎమ్మెల్యే అక్కడి శాసనసభలో కన్నడంలో ప్రమాణం చేశారు, దేవికుళం ఎమ్మెల్యే తమిళంలో చేశారు. దేవికుళం ఎమ్మెల్యే ప్రమాణ పాఠం తమిళ అనువాదంలో తప్పు పడిందని ఆయన చేత మళ్లీ చేయించారు కూడా. అంటే అక్కడ ఆ తమిళ పాఠాన్ని అలంకారంగా చూడలేదు, అక్షరం అక్షరం చట్టంగా చూశారు. అప్పుడు ఇక్కడ పండగ చేసుకున్నవాళ్లే ఇప్పుడు గోపీనాథ్ గారి మీద రాళ్లేస్తున్నారు.

ఈయనకు ఇది కొత్త కూడా కాదు. 2001, 2006, 2011, మూడుసార్లు హోసూరు ఎమ్మెల్యేగా గెలిచినవారు. జయలలిత గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో శాసనసభలో లేచి భాషా మైనారిటీల మాట తెలుగులో ఎత్తితే, ఆమె తెలుగులోనే జవాబిచ్చారు. అప్పుడు తమిళానికి ఏమైనా తగ్గిందా? మన పెద్దవాళ్లు ఆ సంగతి ఇప్పటికీ కతగా చెప్పుకుంటారు.

ఆ దిక్కుకు ఇంతకన్నా సమయం ఇవ్వనక్కర్లేదు. రెండో దిక్కు మనకు దగ్గరది, అందుకే ఎక్కువ కోపం.

"తెలుగులో ప్రమాణం చేశాడు సరే, ఆ తరువాత రైలు, రోడ్డు, ఎయిర్‌పోర్టు అంటున్నాడు, తెలుగు ఊసే ఎత్తడం లేదు." మన సంఘాల్లోనే ఈ మాట అంటున్నారు. అన్నా, అక్కా, ఒక్క నిమిషం. రైలు తెలుగువాడికి అక్కర్లేదా? కృష్ణగిరి జిల్లా కేంద్రం. అక్కడ రైల్వే స్టేషన్ లేదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి చిన్న రైలు నడిచేది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దాన్ని ఎత్తేశారు. దేశం స్వతంత్రమై ముప్పావు శతాబ్దం దాటింది, ఆ పట్టాలు తిరిగి రాలేదు. జోలార్‌పేట నుంచి కృష్ణగిరి మీదుగా హోసూరుకు లైను అని ప్రతి ఎన్నికలోనూ వింటున్నాం. సర్వే అంటారు, మళ్లీ సర్వే అంటారు. మన తాతలు విన్న మాటే మన మనుమలూ వినేటట్టున్నారు.

ఎయిర్‌పోర్టు సంగతి ఇంకా చిత్రం. హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటలు వేసేది ఎవరు? అందులో సగం మన ఇళ్లవాళ్లే. కోసిన పువ్వు బయటి దేశానికి పోవాలంటే బెంగళూరు ఊరంతా దాటి దేవనహళ్లి వైపు పోవాలి. 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలో హోసూరులో 2000 ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని ప్రకటించారు. బాగుంది. కానీ బెంగళూరు విమానాశ్రయం కట్టినప్పుడు కేంద్రం ఆ కంపెనీతో ఒప్పందం రాసుకుంది: 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదు, ఆ విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏళ్లు. తెరిచింది 2008లో. అంటే 2033 దాకా. మైసూరుకూ హాసనుకూ మినహాయింపు దొరికింది, హోసూరుకు దొరకలేదు. ఈ ముడి విప్పాల్సింది చెన్నై కాదు, ఢిల్లీ. అలాంటప్పుడు ఎంపీ ఢిల్లీలో దాన్ని అడగకపోతే ఇంకెక్కడ అడుగుతాడు? రైలు, విమానం అడిగే ఎంపీని పట్టుకుని నీవు తెలుగువాడివి కాదు పో అనడం, పువ్వులు పెంచే తెలుగు రైతును తెలుగువాడు కాదనడమే.

ఇదే దిక్కులో ఇంకో రకం వాళ్లున్నారు. వీళ్లకు తెలుగువాడు గెలిస్తే చాలు, పని అయిపోయినట్టే. లెక్క అంత సులువైతే మన చరిత్ర వేరేగా ఉండేది. పి.వి. నరసింహారావు గారు మహారాష్ట్రలో రాంటెక్ నుంచి ఎంపీ అయ్యారు, 1996లో ఒడిశాలో బరంపురం నుంచి గెలిచారు. అంత పెద్దాయన, అన్ని భాషలు వచ్చిన మనిషి. బరంపురం తెలుగువాళ్లను అడగండి, తమ పిల్లల తెలుగు చదువు అంతటితో గట్టున పడిందా అని. యానాం వాళ్లకు ఇంకో కష్టం. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, నాలుగు చోట్లకూ కలిపి లోక్‌సభలో ఒకే ఒక్క సీటు. యానాం ఓట్లు ఆ లెక్కలో ఏ మూలకు? అక్కడి నుంచి తెలుగువాడే గెలవాలని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. గెలిచినవాడు ఎవరైనా, ఏ భాషవాడైనా, వాడి చేత మన ప్రశ్న అడిగించుకోవడమే విద్య.

ఇక మూడో దిక్కు. ఇది అన్నిటికన్నా తెలివైన మాట, అందుకే అన్నిటికన్నా చెడ్డది. "బడి, టీచరు, పాఠ్యపుస్తకం, ఇవన్నీ రాష్ట్రం చూసుకునేవి. పార్లమెంటులో అడిగితే ఏం లాభం? అసెంబ్లీలో అడగాలి." చదువుకున్నవాళ్లే ఇలా అంటారు. అధికారులూ ఇలాగే అంటారు. చెన్నైకి పోతే ఇది విధాన నిర్ణయం అంటారు, ఢిల్లీకి రాస్తే ఇది రాష్ట్రం పని అని ఉత్తరం వస్తుంది. మధ్యలో పిల్లవాడు ఆరో తరగతికి వెళ్లిపోతాడు.

రాజ్యాంగం తెరిచి చూద్దాం, ఆ రోజు గోపీనాథ్ గారి చేతిలో ఉన్న ఆ పుస్తకమే. 350ఎ అధికరణం. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడం రాష్ట్రం, స్థానిక సంస్థల బాధ్యత అంటుంది. అక్కడితో ఆగదు. అందుకు అవసరమైతే ఏ రాష్ట్రానికైనా రాష్ట్రపతి ఆదేశాలు ఇవ్వవచ్చు అంటుంది. రాష్ట్రపతి అంటే కేంద్ర మంత్రివర్గం సలహా మీద నడిచే పదవి. పక్కనే 350బి: భాషా మైనారిటీల కోసం ఒక ప్రత్యేక అధికారిని రాష్ట్రపతి నియమించాలి, ఆయన నివేదికలను పార్లమెంటు రెండు సభల ముందూ పెట్టించాలి. ఈ రెండూ 1956లో, రాష్ట్రాల గీతలు గీసిన ఏడో సవరణతో వచ్చినవి. ఎందుకు వచ్చాయి? గీత అవతల మిగిలిపోయినవాళ్లను రాష్ట్రాల దయకు వదలకూడదని. అంటే మనలాంటివాళ్ల కోసమే పార్లమెంటు పెట్టుకున్న తలుపు అది. ఇంకా చాలకపోతే, 1976లో 42వ సవరణతో విద్యనే ఉమ్మడి జాబితాలోకి తెచ్చారు. ఇంత ఉండగా రాష్ట్రం పని అని కేంద్ర మంత్రి చెప్పడం తప్పించుకోవడమే, దాన్ని మనవాళ్లే మోయడం ఇంకా ఘోరం.

ఇక్కడ తమిళనాడు సంగతీ దాచకుండా చెప్పుకుందాం. 2006లో తమిళ బోధన చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి పాకి, 2015-16కు పదో తరగతిని చేరింది. తమిళం నేర్చుకోవడానికి మనకు అభ్యంతరం లేదు, ఎప్పుడూ లేదు. మన పిల్లలు తమిళం బాగా చదవాలి, రాయాలి, ఈ నేల మీద బతుకుతున్నాం కనుక అది మన భాష కూడా. మన గొడవ తెలుగు పక్కకు తోసేయడం మీద. పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం భాషా మైనారిటీల తరఫువాళ్లు పదే పదే కోర్టు మెట్లెక్కారు. చివరికి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాకా పోతే దొరికింది ఇంకో ఏడాది మినహాయింపు. ఏడాది! పిల్లల చదువును కోర్టు తేదీలకు కట్టేసి నడిపే దేశంలో, రాజ్యాంగం రాష్ట్రపతి చేతికిచ్చిన అధికారాన్ని తీసి చూడమని పార్లమెంటులో అడగడం వృథా ప్రయాస ఎలా అవుతుంది?

సరే, అడగాలి. ఎలా? ఇక్కడే మన సంఘాలు కొంచెం నేర్చుకోవలసింది ఉంది.

ఎంపీ ఊరికి వస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. శాలువా, పూలమాల, ఫోటో, ఒక వినతిపత్రం. ఆ వినతిపత్రంలో తెలుగు టీచరు ఉంటాడు, గుడి ప్రహరీ ఉంటుంది, కల్యాణమండపం ఉంటుంది, కులం సర్టిఫికెట్టు ఉంటుంది, చెరువు పూడిక ఉంటుంది, చివర ఎవరో బంధువు బదిలీ కూడా ఉంటుంది. పదకొండు పేజీలు. అది చదివే పీఏ ఏం చేస్తాడు? గుడి సంగతి ఒక చేతికి, బదిలీ సంగతి ఒక చేతికి ఇచ్చి, టీచరు సంగతి కట్టలో పెడతాడు. పీఏను అనడానికి లేదు.

లోక్‌సభలో ఎంపీకి ఉన్న దారులు కొన్నే. ప్రశ్నోత్తరాల సమయంలో నక్షత్రం గుర్తు ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద ఎదురు ప్రశ్నలు వేయవచ్చు. రోజుకు 20 మాత్రమే. గుర్తు లేని ప్రశ్నకు రాతలో జవాబు వస్తుంది, రోజుకు 230 దాకా. మామూలుగా కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. శూన్యగంట అనేది నిబంధనల పుస్తకంలో లేనే లేదు, అలవాటుగా వచ్చింది, కానీ జనం చూసేది దాన్నే. ఇక 377 నిబంధన. దాని కింద సభ్యుడు తన నియోజకవర్గం సంగతి ఎత్తవచ్చు, పాఠం 250 మాటలు దాటకూడదు. మంత్రి దానికి తరువాత ఉత్తరంలో జవాబు ఇస్తారు.

పదకొండు పేజీలు ఎక్కడ, 250 మాటలు ఎక్కడ? ఎంపీ చేతికి మనం ఇవ్వాల్సింది ఆ 250 మాటలే, అవి కూడా తిన్నగా చదివేలా. మనకు నచ్చేది గుర్తు లేని రాత ప్రశ్న. దానికి చప్పట్లు రావు, వీడియో రాదు. కానీ జవాబు రికార్డులో ఉండిపోతుంది, అంకెలు చెప్పక తప్పదు. జవాబులో "పరిశీలనలో ఉంది" అని మంత్రి అన్నాడనుకోండి, అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల మీద పార్లమెంటుకు వేరే కమిటీ ఉంది, మూడు నెలల్లో తీర్చాలని నియమం. ఏడాది తరువాత మళ్లీ అదే ఎంపీ లేచి, ఫలానా తేదీన ఇలా చెప్పారు, ఏమైంది అని పట్టుకోవచ్చు. శాలువా కప్పితే ఆ పట్టు దొరకదు.

భాష సంగతీ ఒకటి. పార్లమెంటులో పని హిందీ, ఇంగ్లీషుల్లో నడుస్తుంది, అవి సరిగా రానివాళ్లు సభాపతి అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చని 120వ అధికరణం చెబుతుంది. ఈ రోజుల్లో తెలుగుకు వెంటనే అనువదించే ఏర్పాటు సభలో ఉంది. కనుక ఆయన తెలుగులోనే మాట్లాడాలని మనలో పట్టుపట్టేవాళ్లున్నారు. మన మాట వేరు. ప్రమాణం తెలుగులో జరిగింది, ఆ గౌరవం దక్కింది. ప్రశ్న మాత్రం మంత్రి తప్పించుకోలేని భాషలో ఉండాలి. అది ఇంగ్లీషైతే ఇంగ్లీషే. పని జరగాలి.

పాత నియమాలు రెండు మన చేతిలో ఆయుధాలు. వాటిని మన పెద్దలు వాడారు, మన తరానికి గుర్తు తక్కువ. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశంలో ఒప్పుకున్న లెక్క: తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది పిల్లలు ఆ భాషవాళ్లుంటే ప్రాథమిక దశలో ఆ భాష టీచరును వేయాలి. 1956లో కేంద్రం పంపిన పత్రంలోని లెక్క: ఒక తాలూకాలోనో మునిసిపాలిటీలోనో 15 నుంచి 20 శాతం మంది ఒక మైనారిటీ భాషవాళ్లుంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలోనూ వేయాలి. 10, 40, 15. ఈ మూడు అంకెలు ఇంటి గోడ మీద రాసుకోండి.

ఎందుకంటే జనాభా లెక్కలు వస్తున్నాయి. 2027 మార్చి 1 నాటికి తలల లెక్క. అందులో మాతృభాష అనే గడి ఉంటుంది. లెక్కల మనిషి వాకిట్లో నిలబడి తమిళంలో అడుగుతాడు, మన ఆయా తమిళంలో జవాబు చెబుతుంది, అతను తమిళం అని రాసుకుని పోతాడు. అలా 16 శాతం ఉన్న తాలూకా 14కు పడితే, ఆ తరువాత పదేళ్లు ఏ ఎంపీ ఎంత గొంతు చించుకున్నా మంత్రి ఒకే కాగితం చూపిస్తాడు. కోలారులో, బళ్లారిలో, బరంపురంలో, రాయగడలో, చంద్రాపూర్‌లో ఉన్న సంఘాలకూ ఇదే మాట. అక్కడ భాష పేరు మారుతుంది, గడి అదే.

ఒక్కరమే వెళ్లనక్కర్లేదు. తళి, డెంకణికోట పక్క కన్నడంవాళ్ల బడులదీ ఇదే బాధ, కృష్ణగిరి ఊళ్లో ఉర్దూ బడులదీ ఇదే బాధ. ముగ్గురం కలిసి ఒకే ప్రశ్న ఇస్తే ఎంపీకీ సులువు, తెలుగు పిచ్చి అనే మాటకూ తావుండదు. కన్నడంవాళ్లతో మనకేంటి అని ఒక పెద్దాయన సభలో అడిగారు. అన్నా, 350ఎలో తెలుగు అనే మాట లేదు, భాషా మైనారిటీ అనే ఉంది. అందులో వాళ్లెంతో మనమూ అంతే.

అందుకని ఈ పార్లమెంటు సమావేశాలకు ముందే ఇవ్వడానికి ఒక ముసాయిదా రాశాం. తెలుగులో ఇలా ఉంది:

"కృష్ణగిరి జిల్లాలోని ప్రభుత్వ బడులలో తెలుగు, కన్నడ, ఉర్దూ బోధనకు మంజూరైన టీచరు పోస్టులెన్ని, అందులో ఖాళీలెన్ని అనే వివరం భాషా మైనారిటీల కమిషనరు వద్ద ఉన్నదా, ఉంటే బడివారీగా తెలపండి. 350బి కింద కమిషనరు నివేదికలలో పార్లమెంటు ముందు పెట్టిన చివరిది ఏ సంవత్సరానికి చెందినది. తరువాతివి ఆలస్యమైతే కారణమేమి. 350ఎ కింద రాష్ట్రపతి ఇంతవరకు ఏ రాష్ట్రానికైనా ఆదేశం ఇచ్చారా; ఇస్తే ఎప్పుడు, ఎవరికి; ఇవ్వకపోతే ఇచ్చే ఆలోచన ప్రభుత్వానికి ఉన్నదా."

ఇందులో గుడి లేదు, మండపం లేదు, పొగడ్త లేదు. ఎవరికైనా ఒక మాట కలపాలనిపిస్తే ముందు ఒక మాట తీసి చూపించండి.

దీనితో పాటు బడుల జాబితా కావాలి. ఏ ఊరి బడిలో, ఏ తరగతిలో తెలుగు పిల్లలు ఎంతమంది, టీచరు ఉన్నారా లేరా, లేకపోతే ఎప్పటి నుంచి. పిల్లల పేర్లు వద్దు, అంకెలు చాలు. వేపనపల్లి, సూళగిరి, బాగలూరు, బేరికె పక్కవాళ్లు తమ తమ ఊళ్లు చూసుకోండి. హెడ్‌మాస్టరు సంతకం దొరికితే మంచిది, దొరక్కపోతే తల్లిదండ్రుల కమిటీ సంతకం చాలు. వచ్చే నెల మొదటి ఆదివారం కూటమికి ఆ కాగితాలు తెండి. ఇంగ్లీషు ప్రతి సిద్ధమవుతోంది. కన్నడ సంఘంవాళ్లు ఇద్దరు వస్తామన్నారు, వాళ్ల ముందు మన పాత తగాదాలు ఎత్తకండి. ఎంపీ ఆఫీసుకు అయిదుగురం మాత్రమే వెళ్తాం, ప్రశ్న కాగితం ఒకటి, బడుల జాబితా ఒకటి పట్టుకుని. ఇచ్చినట్టు రసీదు తీసుకుని, నోటీసు ఏ తేదీన పడుతుందో ఆయన్నే అడిగి వస్తాం.